నీళ్ల కాగు కింద మంట

మా నాన్నగారు తాగి పడుకున్న మధ్యాహ్నాలలో అమ్మ పెరట్లో నీళ్ల కాగు కింద మంట వేయించేది. ఎవరైనా వస్తే, "దొరగారు స్నానంలో ఉన్నారు" అని వాకిట్లోనే చెప్పి పంపడం నా పని. కాగు నుంచి పొగ లేస్తుంటే ఆ మాటకు సాక్ష్యం ఉన్నట్టు ఉండేది. ఊళ్లో తెలియనివాళ్లు లేరు. అయినా ఆ పొగ వంక ఒకసారి చూసి, మర్యాదగా వెనుదిరిగేవారు. తరవాత పొలాలు పోయాయి. దివాణం తలుపులు ఊడదీసి అమ్మేశాం. నాన్నగారు కూడా పోయారు. దేనితో పోయారో మా ఇంట్లో ఈనాటికీ ఎవరూ అనరు. ఎవరి ముందూ తల వంచకుండా నడవడం మాత్రం అమ్మ నాకు బాగా నేర్పింది.

దుబాయ్‌లోని అల్ కుసైస్‌లో ఒక భారతీయ పాఠశాలలో నేను సోషల్ చెబుతాను. కరోనా తగ్గి పిల్లలందరూ మళ్లీ బడికి వచ్చిన ఏడాది, వ్యసనాల గురించి చెప్పడానికి తొమ్మిదో తరగతికి వారానికి ఒక పీరియడ్ కేటాయించారు. ప్రిన్సిపాల్ ఆ పని నాకు అప్పగించారు. "మీ ముందైతే పిల్లలు నవ్వరు" అన్నారు. నేను దాన్ని మెప్పుగానే తీసుకున్నాను.

స్టాఫ్‌రూమ్‌లో ఖాళీ అయిన ఖర్జూరాల డబ్బా మూతకు సన్నగా గాటు పెట్టి తీసుకెళ్లాను. పైకి అడగలేనివి చీటీ మీద రాసి వేయమన్నాను. పేరు అక్కర్లేదు, ఎవరు రాశారో నేను వెతకను అని మాటిచ్చాను.

మరుసటి వారం డబ్బా తెరిచి ఒక్కొక్క చీటీ చదివాను.

"కరక్ చాయ్ కూడా వ్యసనమేనా మేడమ్? మా డాడీ రోజుకు ఎనిమిది కప్పులు తాగుతారు."

"మీ డాడీని కూడా ఈ క్లాసులో చేర్చెయ్" అన్నాడు వెనక బెంచీలో ఒకడు. నా ముందు నవ్వరన్న పిల్లలు హాయిగా నవ్వారు.

పండ్ల వాసన వచ్చే వేప్ సిగరెట్లో ఉండేది ఉత్త ఆవిరే కదా అని ఇంకొక చీటీ. కాదని, ఎందుకు కాదో చెప్పాను. ఆ తరవాతది విప్పగానే నా ముఖం విప్పారింది.

"ఇది తెలుగులో ఉంది" అన్నాను, గర్వంగా.

తరగతి మొత్తం ఒకేసారి రెండో వరుస చివర కూర్చున్న అమ్మాయి వైపు తిరిగింది. ఆ గదిలో తెలుగు పిల్లలు ముగ్గురే. తెలుగు చదవడం, రాయడం వచ్చినది ఆ అమ్మాయికి ఒక్కదానికే. చర్చిలో బైబిలు చదవడానికని వాళ్ల అమ్మ నేర్పింది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఈ సంగతులన్నీ ఆ అమ్మాయే ఒకసారి సంబరంగా నాతో చెప్పింది. నేను తప్ప ఇంకెవరూ చదవలేరనే తెలుగులో రాసిందని ఆ క్షణంలో నాకు తట్టలేదు.

చీటీలో రెండు వాక్యాలున్నాయి. "మేడమ్, మీ ఇంట్లో ఎవరికైనా అలవాటు ఉండేదా? ఉంటే ముందు ఎవరికి చెప్పాలి?"

మొదటి వాక్యం దగ్గరే నా వెన్ను బిగుసుకుంది. రెండోది చదివానో లేదో కూడా చెప్పలేను.

"సొంత విషయాలు అడగకూడదు" అన్నాను. "అడిగారు కాబట్టి చెబుతున్నాను. మా ఇంట్లో అలాంటివాళ్లు లేరు."

బెల్లు కొట్టాక ఆ అమ్మాయి బల్ల దగ్గరికి వచ్చింది.

"ఆ చీటీ తిరిగి ఇచ్చేస్తారా మేడమ్?"

"ఎందుకు?"

"ఊరికే."

ఇచ్చేశాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి జామెట్రీ బాక్సులో దాచుకుని వెళ్లిపోయింది.

నెల తిరక్కుండానే బడి వాష్‌రూమ్‌లో పడిపోయింది. నైట్ డ్యూటీల నుంచి వచ్చి పగలు నిద్రపట్టక వాళ్ల అమ్మ వేసుకునే మాత్రలు ఆ పిల్ల సంచిలో దొరికాయి. ఆన్‌లైన్ క్లాసుల కాలం నుంచే వేసుకుంటోందని తరవాత బడి నర్సు నాతో అంది.

టీసీ కోసం తల్లి వచ్చిన రోజు రిసెప్షన్‌లో ఆవిడ పక్కన కూర్చున్నాను. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, యూనిఫామ్‌లోనే ఉంది. కుర్చీకి ఆనుకోకుండా నిటారుగా కూర్చుంది.

"పాపకెలా ఉందమ్మా?"

"వైరల్ ఫీవర్ అండి. నీరసం. మా అమ్మ దగ్గరుంటే కోలుకుంటదని ఏలూరు పంపించేత్తన్నాం."

అదే గొంతు. దొరగారు స్నానంలో ఉన్నారన్న గొంతు.

ఎన్నడూ ఎవరితోనూ అనని మాట నా నోట వచ్చింది. "మా నాన్నగారు తాగేవారమ్మా. దానితోనే పోయారు."

ఆవిడ నా వైపు తిరిగింది.

"ఈ ముక్క పాపతో అనుంటే బాగుండేదండి" అంది. "ఆ రోజు ఇంటికొచ్చి నన్నడిగింది, మేడమ్ గారింట్లో అలాంటోళ్లు లేరంట, మనింట్లోనే ఎందుకిలా అని. నేనూ డ్యూటీ హడావిడిలో ఉండి, పిచ్చి ప్రశ్నలెయ్యకు అనేశానండి."

కౌంటర్లో పిలిచారు. ఆవిడ లేచి, బ్యాగు భుజాన వేసుకుని, సంతకం పెట్టి వెళ్లిపోయింది. వాకిలి దాకా వెంట వెళ్లాను.

ఆ క్లాసు ఇప్పటికీ నేనే తీసుకుంటున్నాను. ఏటా మొదటి రోజు, స్లైడ్లు మొదలుపెట్టకముందే, నాన్నగారి గురించి, నీళ్ల కాగు గురించి చెబుతాను. మొదటిసారి చెప్పినప్పుడు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. ముందు ఎవరికి చెప్పాలి అన్న ప్రశ్నకు కూడా అడగకుండానే జవాబిస్తాను. పిల్లలు వింటారు. ఖర్జూరాల డబ్బా నిండుతుంది.

దాన్ని తెరిచేటప్పుడు ముందుగా తెలుగు చీటీ కోసమే వెతుకుతాను. ఇంతవరకు ఒక్కటీ రాలేదు.