తలుపు కాదు, ఇల్లే

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. మా నారాయణపేటలో కరెంటు పోతే దయ్యం కంటే ముందు లైన్‌మన్ గుర్తొస్తాడు.

చీరల అంచులకు కంప్యూటర్‌లో డిజైన్లు గీసే దుకాణంలో నేను, గౌస్ పనిచేసేవాళ్లం. తెలియని కమాండ్ ఏదైనా ముందు ఒక వెబ్‌సైట్‌లో వేసి, ఏ సిస్టంలో అది ఏం చేస్తుందో చదివాకే ఎంటర్ కొట్టాలనేది గౌస్ పట్టుదల. “చూడకుండనే గోలి మింగుతవా భాయ్?” అనేవాడు. అంత జాగ్రత్తపరుడు హెల్మెట్ లేకుండా మక్తల్ రోడ్డు మీద బండి ప్రమాదంలో చనిపోయాడు.

తర్వాత కొన్నాళ్లకు వాళ్ల నాయన చాంద్ చాచా పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చాడు. గౌస్ చివరగా గీసిన అంచును తన మగ్గం మీద నేయాలని ఆయన కోరిక.

“డిస్క్ నిండి సిస్టం కదుల్తలేదు, జర ఆగు చాచా” అన్నాడు దుకాణం యజమాని సేటు. పాత ఫోల్డర్ తీసేయడానికి ఆయన అల్లుడు ఫోన్‌లో ఒక కమాండ్ పంపాడు. ఆ ఫోల్డర్‌లో వేరేచోట ఉన్న గౌస్ డిజైన్లకు తలుపులాంటి లింకు ఒకటి ఉంది.

ఆ కమాండ్‌ను సిస్టంలో టైప్ చేసి, ఎంటర్ కొట్టే ముందు అలవాటుగా వెబ్‌సైట్‌లోనూ వేశాను. అల్లుడు వాడే లినక్స్‌లో అయితే లింకు మాత్రమే పోతుందని ఇంగ్లీషులో వచ్చింది. మేం వాడే విండోస్ పేరు కింద మాత్రం తెలుగు అక్షరాలు:

“తలుపు కాదు భాయ్, ఇల్లే పోతది. అబ్బాను జర బయట కూసోబెట్టు.”

“సేట్, వద్దు. గౌస్ రాసిండు” అన్నాను.

“మొన్న నా చెప్పులల్ల తేలుందన్నోనివి నువ్వే గదరా” అని సేటు నా మీదుగా చెయ్యి చాపి ఎంటర్ కొట్టాడు.

డిజైన్లన్నీ పోయాయి. తిరిగి రాబట్టే సాఫ్ట్‌వేర్లకూ దొరకలేదు.

“కొడుకే పాయె, గీ బొమ్మలకేంది చాచా” అన్నాడు సేటు. ఆయన దృష్టిలో అది ఓదార్పు.

చాచా పెన్‌డ్రైవ్‌కు మూత పెట్టుకున్నాడు. “ఇంకేం రాసిండు బేటా?” అని అడిగాడు.

“ఏం లేదు చాచా” అన్నాను.

అదే కమాండ్‌ను మళ్లీ వేశాను, వేరే కంప్యూటర్లలోనూ వేశాను. అంతా ఇంగ్లీషే. ఎవరో ఆటపట్టించారు అనుకుందామంటే, మా దుకాణంలో ఆ పని చేసేవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇప్పటికీ శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక చాచా వస్తాడు. గడప దాటడు. మెట్టు మీద కూర్చుంటాడు.

“నేను బయటనే ఉంట. వాణ్ణి ఒక్కసారి అడుగు బేటా” అంటాడు.

నాయనను బయట కూర్చోబెట్టమన్న ఆ రెండో మాట నేను ఎవరికీ చెప్పలేదు.