వేడి చేసిందన్నది నేనే

ఎనభైల చివర్లో మక్తల్ రోడ్డు మీద కంకర, తారు పని చేయించేవాణ్ణి. నేను మేస్త్రీని, మా అన్న నా చేతికింద కూలీ. నాకంటే పన్నెండేండ్లు పెద్ద, అరవైకి దగ్గరపడ్డవాడు. నేను గొడుగు కింద నిలబడి అరిచేవాణ్ణి, ఆయన ఎండలో గంపలు మోసేవాడు. ఈ మాట చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. అప్పుడు మాత్రం లేదు.

ఆ ఎండాకాలం అన్న మాటిమాటికీ గంప దించి తుమ్మచెట్ల వెనక్కి పోవడం మొదలుపెట్టాడు. పోతే ఓ పట్టాన వచ్చేవాడు కాదు. కూలీలు నవ్వుకునేవారు. నాకు ఒళ్ళు మండేది. సొంత అన్న కాబట్టి వదిలేస్తున్నానని వాళ్ళు అనుకుంటారేమోనని నా ఏడుపు.

"ఏందన్నా, గా తుమ్మచెట్టుకు నీళ్ళు పోసి పెంచుతున్నవా?" అని అందరి ముందే అన్నాను.

అన్న తల వంచుకున్నాడు. "వస్తలేదు తమ్మీ. వచ్చినా సుక్క సుక్కే. ఒకటే మంట."

"ఎండకు వేడి చేసింది. మజ్జిగ తాగు, పోతది."

అంతే, తేల్చేశాను. ఎండలో పనిచేసేవాడికి మంట అంటే వేడే అని మా ఊళ్ళో ఎవరిని అడిగినా చెప్పేవారు, అందుకే ఎవరినీ అడగలేదు. వదిన సబ్జా గింజలు నానబెట్టింది, బొడ్డులో ఆముదం పోసింది, పొద్దున్నే ఈతకల్లు తెప్పించింది. రెండు రోజులు తగ్గినట్టే ఉండి మళ్ళీ మొదలయ్యేది. తగ్గినప్పుడల్లా "నేను చెప్పిననా లేదా?" అని ఎగిరేవాణ్ణి.

ఒకరోజు అన్న గొడుగు దగ్గరికి వచ్చాడు. "తమ్మీ, జర నీడ పని ఇయ్యరాదు. నీళ్ళ కుండల కాడ కూసుంట." పుట్టి బుద్ధెరిగాక ఆయన నన్ను అడిగింది అదొక్కటే.

"ముసలమ్మలు చేసే పని నీకెందుకే? అందరు నా మొఖాన ఉమ్మాల్నా?" అన్నాను. అన్న వెళ్ళి గంప ఎత్తుకున్నాడు.

మరుసటి ఏడు నడుము నొప్పి పట్టుకుంది. గంపలు మోసిన నొప్పి అన్నాను. అదీ నేనే. చురకలు పెట్టేవాణ్ణి నేనే పిలుచుకొచ్చాను. ఎర్రగా కాల్చిన చువ్వ నడుముకు ఆనిస్తుంటే, అన్న లేవకుండా భుజాలు నొక్కిపట్టింది నా చేతులే. థూ, నా బతుకు! వేడి చేసిందని నేనన్న మనిషికే వాతలు పెట్టిస్తున్నానని కూడా తోచలేదు.

చివరికి మూత్రం పూర్తిగా బందై, పొట్ట ఉబ్బి కేకలు పెడుతుంటే మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయాం. వాళ్ళు గొట్టం వేసి పట్నం పంపారు. పరీక్షలయ్యాక పట్నం డాక్టరు నన్నొక్కణ్ణే లోపలికి పిలిచాడు. ప్రొస్టేట్ క్యాన్సరు, ఎముకలకు పాకింది, ఇక నయం కాదన్నాడు.

లోపల తొలిచేస్తున్నది ఆపుకోలేక అడిగేశాను. "సార్, ఎండల పని చేపిచ్చినందుకే వచ్చిందా?"

"ఎండతో దీనికేం సంబంధం లేదు. నీడల కూసునేటోళ్ళకూ వస్తది."

నాకు ప్రాణం లేచొచ్చింది. అన్న చచ్చిపోతాడని విన్న నిమిషంలోనే, తప్పు నాది కాదని సంబరపడ్డ నీచుణ్ణి నేను.

"రెండేండ్ల సంది మూత్రం సరిగ రాకుంటే ఏం చేసిండ్రు?" అన్నాడు డాక్టరు.

"వేడి అనుకున్నం సార్."

"వేడి అని ఎవరు చెప్పిండ్రు? అప్పుడే తెస్తే ఏమన్న చేసేటోళ్ళం గద!"

నేను బయటికి వచ్చేశాను.

అన్న వరండాలో గొట్టం సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "ఏమన్నడు తమ్మీ?" చెడ్డ రోగమైతే ఆయనకు చెప్పొద్దని వదిన ముందే నాతో ఒట్టు పెట్టించుకుంది. నా నోటికి వచ్చింది ఒక్కటే.

"ఎండదెబ్బేనట. వేడి."

అన్న ముఖంలో కోపం కూడా లేదు. "గా నీళ్ళ కుండల కాడ కూసోబెడితే నాకు గింత గోస రాకపోయేది గద తమ్మీ" అన్నాడు.

కాదని చెప్పడానికి నా దగ్గర డాక్టరు మాట ఉంది. అది చెబితే రోగం పేరు చెప్పాలి, ఆలస్యం చేసింది ఎవరో కూడా చెప్పాలి.

"అవునన్నా" అన్నాను. వానలు పడకముందే, అదే నమ్మకంతో పోయాడు.