చొక్కా తొడగనివ్వని నరం

నా నడుముకు త్రీఫేజు కరెంటు పెట్టినా కిక్కురుమనలేదని మా ఊళ్ళో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది నేనే. నిజానికి అది అరచేతిలో ఇమిడే బ్యాటరీ పెట్టె. ఒంటికి రెండు బిళ్ళలు అంటించి మీట తిప్పితే చీమలు పాకినట్టుంటుంది, అంతే. ఆ చీమలకే నేను ఆసుపత్రి బల్ల మీంచి లేచి కూర్చున్నాను.

అసలు సంగతి సర్పి. నిరుడు మిరప కోతలప్పుడు కుడి డొక్క మీద పొక్కులు లేచి, వెన్ను దాకా పట్టీలా పాకాయి. పొక్కులు మానాయి గానీ మంట మానలేదు. చొక్కా తగిలితే చాలు, నిప్పుకణిక అంటించినట్టుండేది. చొక్కా లేకుండా సత్తెనపల్లి రోడ్డు మీది టీ కొట్టుకు ఎలా పోను? పొద్దున్నే ఆ బల్ల మీద కూర్చుని నాలుగు కోతలు కోయకపోతే నాకు తెల్లవారినట్టే ఉండదు. పైగా నా చోట్లో నా చిన్ననాటి నేస్తం ఒకడు చేరి, చేతకాని అబద్ధాలు ఆడుతున్నాడని కబురు. వాడి అబద్ధాల్లో ఉప్పూ కారం ఉండవు. మంట కన్నా ఆ కబురే నన్ను ఎక్కువ కాల్చింది.

మా ఆవిడ నన్ను గుంటూరు బ్రాడీపేటలో నరాల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. ఆమె అంటించిన కరెంటు బిళ్ళలు ఉన్నంతసేపూ మంట నెమ్మదించేది. తీస్తే మళ్ళీ మామూలే. అప్పుడు ఆమె ఒక ట్యూబు రాసిచ్చింది.

“ఇది మిరపకాయల్లోంచి తీసిన మందండీ. మొదట్లో మండుతుంది. భయపడకుండా రోజూ రాయాలి.”

“మంటకు మంటేంటమ్మా?”

“మిరప పండించేవాళ్ళకు నేను చెప్పాలా? మిరప యార్డులోకి కొత్తగా వచ్చినవాడు తుమ్ముతూనే ఉంటాడు. రోజూ బస్తాలు మోసేవాళ్ళు తుమ్ముతారా? మీ నరం ఊరికే కేకలేస్తోంది. ఈ మందు దాన్ని ఇంకా అరిపిస్తుంది. అరిచి అరిచి అలిసిపోయి, అదే ఊరుకుంటుంది.”

ఇంటికొచ్చి మూత తీసి వాసన చూశాను. ఘాటే లేదు. చేలో తేజ రకం మిరప పండించేవాడు గుంటూరులో ట్యూబు కొనుక్కుని కారం రాసుకోవడమా! నలుగురూ వింటే నవ్వరూ? మా ఆవిడ పాల కేంద్రానికి వెళ్ళడం చూసి, కల్లంలోంచి ఎండు కాయలు తెచ్చి రోట్లో నూరాను. గుప్పెడు కాయలు నూరి పట్టు వేశానని చెప్పుకోవాలని ఉంది. గుప్పెడు కాదు, రెండు కాయలు. పట్టూ కాదు, నువ్వుల నూనెలో కలిపి చిటికెన వేలి కొసతో అద్దాను. ఆ అద్దిన పాపానికే గేదెల కుడితి తొట్టిలోకి దిగి కూర్చున్నాను.

మా ఆవిడ వచ్చేసరికి గేదే నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకుంటున్నాం.

“ఏంటండీ ఇది?”

“చల్లగా ఉందనీ…”

ఆమె వెళ్ళి రోలు చూసింది. “మిరపకాయ మందంటే మిరపకాయేననుకున్నారా? పచ్చడి నూరమంటే ఒక్కనాడూ రోలు ముట్టరే!” అంటూ మజ్జిగలో గుడ్డ ముంచి అద్దింది. నవ్వాపుకోలేక ఆ గుడ్డను మాటిమాటికీ జారవిడిచింది.

అక్కడ మళ్ళీ పొక్కింది. “కొలత లేని కారం కూరకే పనికిరాదు, నరానికి పనికొస్తుందా?” అని డాక్టరమ్మ చివాట్లేసి, పుండు మానేదాకా ఏదీ రాయొద్దంది. మానాక మళ్ళీ ఆ ట్యూబే గతి. మా ఆవిడ చేతికి తొడుగు వేసుకుని తనే రాసేది. నేను కేక వేయలేదని చెప్పబోయి ఆగాను. పక్కవీధి దాకా వినపడింది. రాను రాను మంట సన్నగిల్లింది. ఒకరోజు ఆమె రాస్తుంటే వేళ్ళు కదులుతున్నాయని మాత్రమే తెలిసింది.

మర్నాడు ఇస్త్రీ చొక్కా తొడిగి టీ కొట్టుకు పోయాను. నేస్తం నా చోట్లోనే ఉన్నాడు.

“ఏరా, బతికే ఉన్నావా?” అంటూ సరిగ్గా ఆ డొక్క మీదే చరిచాడు. ఊపిరి బిగబట్టాను. చరుపు చరుపులాగే తగిలింది. ఎక్కడో కాస్త చిరచిరలాడింది, అంతే.

“జరుగు,” అన్నాను. జరిగాడు. టీ వచ్చింది. గొంతు సవరించుకున్నాను.

“బస్తాడు తేజ కాయలు నూరి ఒళ్ళంతా…”

“ఆపరా. తొట్టి సంగతి మా చెల్లెమ్మ పాల కేంద్రంలో ఎప్పుడో చెప్పేసింది.”

బల్లంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. నవ్వినప్పుడల్లా చొక్కా డొక్కకు రాసుకుంటోంది. హాయిగా ఉంది.

“కరెంటు సంగతి చెప్పలేదుగా?” అన్నాను. “త్రీఫేజురా…”