లేపినా లేవని బుద్ధిమంతుడు

2023 వానాకాలం. నాచారంలో ఒక చిన్న ఆసుపత్రిలో నేను నర్సుని. మంగళ, శుక్రవారాల్లో కొత్త తల్లిదండ్రులకు సపోర్ట్ గ్రూప్ నడిపేదాన్ని. అంటే డాక్టరును అడగడానికి జంకే సంగతులన్నీ పై అంతస్తు హాల్లో గుండ్రంగా కూర్చుని మాట్లాడుకోవడం. వచ్చినవాళ్లందరి ముఖాల్లోనూ నిద్రలేమి, భయం. వాళ్లను నవ్వించడానికి నేను కోతలు కోసేదాన్ని.

ఒక మంగళవారం అలాగే కోశాను. "మా పెద్దోడు పుట్టిన మూడోనాడు పండుకుంటే రెండు దినాలు లేవలే. ఉప్పల్ స్టేడియంల సిక్సర్ కొడితే ఆ లొల్లికి కండ్లు దెరిసి, స్కోరెంత అన్నడు!"

హాలంతా నవ్వింది. రెండు రోజుల బాబును ఒళ్లో పెట్టుకున్న రజిత కూడా నవ్వింది.

శుక్రవారం రజిత వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. బాబు నిద్రపోతున్నాడు.

"మావోడు గూడ మీ కొడుకు లెక్కనే సిస్టర్," అంది మురిపెంగా. "పొద్దుగాల్ల సంది పాలకు గూడ లేవలే. మస్తు బుద్ధిమంతుడు."

అప్పటికి మధ్యాహ్నం మూడయింది. పొత్తిగుడ్డ జరిపి బాబు ఒళ్లు చూశాను.

"రంగేంది గిట్లున్నది?"

"పసుపు కలిపి నలుగు వెట్టిన సిస్టరమ్మా, గదే," అంది వాళ్లమ్మ.

తడిగుడ్డతో తుడిచాను. పసుపు గుడ్డకు అంటింది కానీ బిడ్డ రంగు మారలేదు. ఛాతీ మీద వేలితో నొక్కి తీశాను. తెల్లగా కనబడాల్సిన చోట పచ్చగా తేలింది. అరికాలు గిల్లితే మూతి కాస్త ముడిచి, మళ్లీ జారిపోయాడు. అది నిద్ర కాదు. జాండిస్ పెరిగి, పాలు అందక కమ్మిన మగత.

"రెండు దినాలు పండుకుంటరని మీరే జెప్తిరి గద సిస్టర్?" అంది రజిత.

"అబద్ధం జెప్పిన తల్లీ. నడువు జల్ది."

బిడ్డను ఎత్తుకుని గబగబా మెట్లు దిగాను. రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు వెంటనే ఫోటోథెరపీ పెట్టించారు. కళ్లకు గంతలు కట్టి నీలి దీపాల కింద పడుకోబెట్టడమన్నమాట. పాలు గొట్టంతో పట్టాం. రజిత నావైపు చూడలేదు. వాళ్లమ్మ మాత్రం "పసుపు నేనే రాస్తి, నేనే రాస్తి" అంటూ గోడ పట్టుకుని నిలబడింది.

మర్నాడు పొద్దున బాబు వార్డు అదిరేలా ఏడ్చాడు. రజిత కూడా ఏడుస్తూ వాడిని రొమ్ముకు అదుముకుంది.

బాలింత చెవికి వేళాకోళం కూడా వైద్యంలాగే వినబడుతుందని అప్పుడు తెలిసింది. కోతలు మానలేదు, పిల్లల నిద్ర మీద, పాల మీద మాత్రం కోయను. ఎవరైనా మా పాప అసలు ఏడవదని మురిస్తే, "ఇయ్యాల ఎన్నిమాట్లు పాలు తాగింది? ఎన్ని గుడ్డలు తడిపింది?" అని అడుగుతాను. జవాబు వచ్చేదాకా నాకు కూర్చోబుద్ధి కాదు.