టీ అడిగిన సుత్తి

2023 నవంబరు 14, మంగళవారం, ఉదయం ఏడున్నర గంటలు. వేకువ నుండి ఎడతెగక కురిసిన వాన అప్పుడే సన్నగిల్లింది. సింగపూరు పడమటి కొసన తువాస్ వైపు ఆకాశం ఇంకా బూడిదరంగు విడువలేదు. ఓడలు బాగుచేసే యార్డు గేటు వద్ద లారీ దిగిన ఉపేంద్రకు ఫోర్‌మన్ ఒక కొత్త మనిషిని అప్పగించాడు. బంగ్లాదేశ్ వాడు, బక్కపలచని వాడు, పేరు మొఫిజుల్. పని నేర్పించమని ఆజ్ఞ.

ఆ మాటతోనే ఉపేంద్ర మనసు ముడుచుకొన్నది. తెలుగు జట్టు పని పర్మిట్లన్నీ కొత్త సంవత్సరంలో పొడిగింపుకు రావలసి ఉన్నాయి. తక్కువ జీతానికి దొరికేవారిని కంపెనీ వెదుకుతున్నదని కూలీలుండే డార్మిటరీలో వినికిడి. నేర్పినవాణ్ణి ఇంటికి పంపి, నేర్చుకొన్నవాణ్ణి ఉంచుకోరని నమ్మకమేమిటి?

"మా నాయిన ఇల్లందు బాయిల బొగ్గు తవ్విండు," అన్నాడు ఆ సాయంత్రం వంటగదిలో, తన జట్టువాడైన బాబ్జీతో. "బయటోళ్లకు బాయి పని నేర్పొద్దు, నేర్పితే మనమే బయటవడ్తం అనేటోడు."

"ఎవర్రా ఆ బయటోళ్లు?"

"ఇంకెవరు, మీ గోదారోళ్లే."

రాజోలు వాడైన బాబ్జీ పగలబడి నవ్వాడు. "ఓర్నీ! అయితే మీ నాన్న నన్ను దిగనిచ్చేవోడే కాదన్నమాట. సర్లే, ఇక్కడ బయటోడు వాడు. నువ్వేం చెప్పకు."

వారి పని ఓడ అడుగున ఉండే ఇనుప ట్యాంకులలో దిగి రంగు వేయడం. ఒకడు గాలిగొట్టం తగిలించుకొని లోపల ఉంటే, మరొకడు పైన రంధ్రం వద్ద కాపలా ఉండాలి. లోపలినుండి వాకీటాకీ మాట పైకి అందదు. కనుక తండ్రి నోట విన్న గని సంకేతాలను ఉపేంద్ర జట్టుకు అలవాటు చేశాడు: సుత్తితో గోడపై రెండు దెబ్బలు కొడితే గొట్టం వదులు చేయాలి, మూడు కొడితే మనిషిని పైకి లాగాలి.

మొఫిజుల్ ఆ చప్పుడు విని, అదేమిటని అడిగాడు. "భాయ్, యే క్యా ఆవాజ్?"

ఉపేంద్ర తడుముకోలేదు. "ఉస్కో చాయ్ చాహియే." లోపలివాడికి టీ కావాలట.

జట్టంతా నవ్వింది. కొత్తవాడూ నవ్వాడు. అమాయకంగా నవ్వాడో, అబద్ధం పసిగట్టి నవ్వాడో ఉపేంద్రకు అంతుచిక్కలేదు. నాటినుండి మొఫిజుల్ తన చేపల కూర పెట్టబోయినా ఉపేంద్ర పుచ్చుకోలేదు. ఫోను పైకెత్తితే తన పని ఫోటో తీస్తున్నాడేమోనని శంకించేవాడు.

డిసెంబరు నడుమ ఒక మధ్యాహ్నం ఉపేంద్ర లోపల, మొఫిజుల్ పైన. గాలిగొట్టం ఎక్కడో మెలిపడింది. రంగు ఆవిరి తలకెక్కింది. ఉపేంద్ర మూడు దెబ్బలు కొట్టాడు, మళ్లీ కొట్టాడు. రంధ్రం వద్ద కనిపిస్తున్న తల తొలగిపోయింది. తానేమి చెప్పి ఉంచాడో అప్పుడు గుర్తుకు వచ్చింది. అంతలో స్పృహ తప్పింది.

కళ్లు తెరిచేసరికి డెక్కు మీద ఉన్నాడు. పక్కన మొఫిజుల్ ఏడుస్తున్నాడు. చేతిలో దారంతో మూతికట్టిన రెండు ప్లాస్టిక్ సంచులు, వాటిలో వేడి టీ. తిరిగి వచ్చి పిలిచి, పలుకు లేకపోయేసరికి కేకలు వేసి జనాన్ని పోగుచేసింది అతడేనట.

"టీకెళ్లాడంట, టీకి!" అన్నాడు బాబ్జీ. "కావాలనే వదిలేశాడ్రా నిన్ను."

రెండు రోజులకు భద్రతాధికారి మధుసూదనరావు ఉపేంద్రను తన గదికి పిలిపించాడు. ఆయన సింగపూరులోనే సెరంగూన్ పేటలో స్థిరపడిన గుంటూరు వాడు. అంతకుముందెన్నడూ ఉపేంద్రతో తెలుగులో మాట్లాడి ఎరుగడు.

"కూర్చో నాయనా. మనవాడివని అడుగుతున్నా. వాడు పోస్టు వదిలేసి పోయాడు, అంతేగా? ఆ ముక్క రాసేస్తే వాణ్ణి పంపించేస్తారు. నీ పర్మిట్ సంగతి నేను చూసుకుంటా."

హఠాత్తుగా పుట్టిన ఆ ఆప్యాయత ఉపేంద్రకు మింగుడుపడలేదు. మొఫిజుల్ వెళ్లిపోతే గొట్టం ఎందుకు మెలిపడిందని, వాకీటాకీ ఎందుకు అందదని అడిగేవారుండరు, కంపెనీ తప్పు బయటపడదు.

"సుత్తి సప్పుడైతే టీ తేవాలని నేనే చెప్పిన సార్. అసలు సంగతి దాచిన."

రావు కలం కింద పెట్టాడు. "అట్లా రాస్తే వాడుంటాడు, నువ్వు పోతావు."

"వాడు నిజంగ టీకే పోయిండో, తెలిసే పోయిండో నాకు తెల్వది సార్. కని నేను చెప్పింది మాత్రం గదే. రాయుండ్రి."

వాంగ్మూలం అలాగే నమోదైంది. మొఫిజుల్ ఉద్యోగం నిలిచింది. నేటికీ ఆ యార్డులోనే పనిచేస్తున్నాడు. ఉపేంద్ర పర్మిట్ పొడిగించలేదు. 2024 జనవరి చివర ఇల్లందు చేరి, ఇప్పుడు ఇళ్లకు రంగులు వేయిస్తున్నాడు. అతడు మొఫిజుల్ వద్ద ఏదో పుచ్చుకొన్నాడని నమ్మిన బాబ్జీ చాంగీ విమానాశ్రయానికి సాగనంపడానికి రాలేదు. మొఫిజుల్ ఇంతవరకు ఫోను చేయలేదు, ఉపేంద్రా చేయలేదు.