పేరు చెప్పని సిఫారసు

మా వదిన పోయింది. పోయిన మంగళవారం పొద్దున ఆసుపత్రి నుంచి మనవరాలు ఫోను చేసి, "అవ్వా, లాయరవ్వ ఇంక లేదు" అని ఊరుకుంది. వదినను అది పిలిచే పేరు అదే. కిందికి దిగి వదిన ఆఫీసు గది తలుపు తీసి, ఆమె కుర్చీ మీది దుమ్ము కొంగుతో తుడిచి, మళ్ళీ తలుపు మూసి వచ్చాను. చనిపోయిన మనిషి కుర్చీ ఎవరికోసం తుడిచానో నన్నడగకండి.

ఆమె ఇంకా చూలైలోని మా ఇంటికి చేరకముందే ఒక పూలచక్రం చేరింది. దాదాపు మనిషంత ఎత్తు. అడ్డంగా సాటిను రిబ్బను, దాని మీద బంగారు రంగు అక్షరాలతో నగరంలోని ఒక పెద్ద లా ఫర్మ్ పేరు. కింద, వెతికి చూస్తే కనిపించేంత చిన్నగా, మా వదిన పేరు. ఏడవాల్సిన వేళ రోతతో పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. ఈ నాలుగు మాటలు నేను రాస్తున్నది వదిన కోసం. మధ్యమధ్య ఆ చక్రం అడ్డొస్తే మన్నించండి. ఆ రోజు వాకిట్లోనూ అది అలాగే అడ్డొచ్చింది, పాడె ఎత్తేవాళ్ళు దాన్ని పక్కకు జరిపి దారి చేసుకోవాల్సి వచ్చింది.

వదిన మా ఆయనకు అక్క. ఈ ఊరి సివిల్ కోర్టుల్లో నలభై ఏళ్ళకు పైగా వకీలుగా ఉంది. పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా వాయిదా అడుగుతూ పోయి, చివరికి ఆ దావాకు కాలదోషం పట్టించింది. కింద ఆమె, ఆమె ఆఫీసు. మేడ మీద మేము. మాది తరతరాలుగా పప్పులూ చింతపండూ టోకున అమ్మిన ఇల్లు. మా మగవాళ్ళ దృష్టిలో చదువంటే బేరం చెడకుండా ఉండేటంత. అలాంటి ఇంటికి నేను ఎమ్మే చదివి కోడలిగా వస్తే సంతోషించింది ఆమె ఒక్కతే. కాపురానికి వచ్చిన వారంలోనే ఎవరిదో అమ్మకం దస్తావేజు నా ఒళ్ళో పెట్టి, "చదివి చెప్పు, దీంట్లో ఎవురు ఎవుర్ని ముంచతా ఉండారో" అంది. మిగతావాళ్ళు వెండి కుంకుమభరిణెలు ఇచ్చారు. అవి ఎక్కడున్నాయో నాకిప్పుడు తెలియదు.

చేతికి కాగితం వస్తే చదవకుండా వదిలే మనిషి కాదు. బజ్జీలు చుట్టిన పేపరును నూనె తుడిచి మరీ చదివేది. బజ్జీలు మాకు, వార్తలు ఆమెకు. మందు డబ్బాలో మడిచిపెట్టిన పొడుగాటి కాగితం ఆసాంతం చదివి, మందు పనిచేస్తుందో లేదో గానీ వీళ్ళ మీద దావా మాత్రం నిలవదు అని తేల్చేది. మొన్న ఆపరేషనుకు ముందు సంతకం పెట్టమని ఇచ్చిన పత్రాన్ని కళ్ళద్దాలు తెప్పించుకుని వరస వరసా చదివింది. అంతసేపూ డాక్టరుగారు మంచం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. చివరికి ఒక వాక్యం కొట్టేయించి, అప్పుడు సంతకం పెట్టింది. "కోసేది నన్నే గదయ్యా, చదవనీ" అందట.

ఆ చదివే జబ్బు ఆమెకు ఊరికే రాలేదు. లా పట్టా చేతపట్టుకుని జార్జ్ టౌన్ లో ఆఫీసు ఆఫీసూ తిరిగిన రోజుల్లో, ఒక పెద్ద వకీలు కవరు మీద ఆడపేరు చూసి, లోపలి ఉత్తరం విప్పకుండానే గుమాస్తా చేత తిప్పి పంపించాడు. కాదన్నందుకు ఆమెకు కోపం లేదు, విప్పనందుకు ఉండింది. ఆ కోపాన్ని చివరిదాకా చల్లారనివ్వలేదు. తన దగ్గర జూనియరుగా చేరాలనుకున్నవాళ్ళు చేత్తో రాసిన ఉత్తరం ఒకటి తేవాలి. దాన్ని ఆమె మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివేది. ఎవరి చేతనైనా ఫోను చేయించారా, ఆ పూటతో వాళ్ళ సంగతి సరి.

అలా వచ్చినవాళ్ళలో ఒకడు షావుకారుపేట దుకాణదారు కొడుకు. ఊళ్ళో ఆఫీసులన్నీ వద్దన్నాయి. ఒక పరీక్ష తప్పాననీ, ఆ ఏడాది నాన్న మంచం పడితే దుకాణంలో కూర్చున్నాననీ దాచకుండా రాసుకున్నాడు. వదిన ఆ ఒక్క ముక్క చూసి చేర్చుకుంది. ఏళ్ళ తరబడి మా కింది గదిలో పని నేర్చుకున్నాడు, నా చేతి చారన్నం తిన్నాడు. ఆ పూలచక్రం పంపిన లా ఫర్మ్ కు ఇప్పుడు అతనే పెద్ద.

ఇక మా అబ్బాయి కూతురు, మా మనవరాలి సంగతి. లా చివరి సంవత్సరంలో ఉంది. ఆ ఆఫీసులోనే ట్రైనీగా చేరాలని పట్టుబట్టింది. పెద్ద పెద్ద కంపెనీల కాగితాలు అక్కడే తయారవుతాయట, అవి ఎలా రాస్తారో అక్కడ కూర్చుంటేనే తెలుస్తుందట. మాట సబబుగానే ఉంది. సబబుగా లేనిది ఆ దరఖాస్తు. బయోడేటా ఒకసారి పంపించాక, అందులో ఉన్నదంతా మళ్ళీ గళ్ళల్లో నింపమంటారు. మీలోని అతి పెద్ద లోపం ఏమిటి అని అడుగుతారు. లోపం రాయకూడదట. 'మరీ ఎక్కువగా కష్టపడతాను' అని రాయాలట. పిల్ల స్నేహితులందరూ అదే రాశారు. ఇంతమంది కష్టజీవులు ఒకే క్లాసులో ఉండగా దేశానికి ఏం కొదువ?

దరఖాస్తుతో పంపడానికి పిల్ల మొదట రాసుకున్న ఉత్తరాన్ని వదిన చదివింది. చిన్నతనం నుంచీ కంపెనీల విలీనాలంటే నాకు అమితమైన ఆసక్తి, అని మొదలు. వదిన కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది.

"చిన్నప్పుడు నీకు సేమియా ఐసు మీద గదా ఆసక్తి?"

"అందరూ ఇట్లనే రాస్తారు లాయరవ్వా."

"అందరూ రాసేదానికి నీ సంతకం ఎందుకు?"

పిల్ల మూతి ముడుచుకుని పోయింది గానీ, అదంతా కొట్టేసి, తను నిజంగా చేసిన పనులూ చేయలేకపోయిన పనులూ రెండు పేజీల్లో రాసుకొచ్చింది. వదిన చదివి, ఒక్క మాటా మార్చకుండా ఇచ్చేసింది. ఆమె మెచ్చుకోవడమంటే అంతే.

ఆ తరువాత ఇంటర్వ్యూ. ఇంటర్వ్యూ అంటే ఎదురుగా ఒక మనిషి ఉంటాడనుకున్నాం. లేడు. కంప్యూటరు తెర మీద ప్రశ్న వస్తుంది, మూలన గడియారం వెనక్కి పరుగెడుతుంది, ఆలోగా పిల్ల తన మొహం తనే చూసుకుంటూ జవాబు చెప్పాలి. పైన నల్లకోటు, కింద ఇంట్లో వేసుకునే పైజామా. వదిన పక్కగా, కెమెరాకు కనపడకుండా కూర్చుంది. కాసేపు ఓర్చుకుంది.

"ఎవురితో మాట్లాడతా ఉండావు?" అంది చివరికి.

పిల్ల కళ్ళతోనే బతిమాలింది. వదిన ఆగలేదు. "మొగం చూపించనోడు తీర్పు ఎట్ల చెప్తాడే?"

ఈ మాటలన్నీ అందులో రికార్డయ్యాయి. పైనుంచి మా కుక్కరు కూత కూడా. ఇప్పటిదాకా ఆ ఆఫీసు నుంచి ఎవరూ ఆ గొంతు ఎవరిదని అడగలేదు. ఒక్కరైనా విని ఉంటే కనీసం నవ్వి ఉండేవారు.

వారాలు గడిచినా జవాబు లేదు. పిల్ల అన్నం ముందు కూర్చుని ఫోను చూసుకోవడం, లేచిపోవడం. మా అబ్బాయికి ఓపిక చచ్చిపోయింది. "అత్తా, ఒక్క ఫోను చెయ్యి. నీ చేతికింద పెరిగినోడు గదా" అని వెంటపడ్డాడు. వదిన ఫోను చేయనంది, కానీ పోయి మాట్లాడతానంది. మా అబ్బాయి సంబరంగా కారు మాట్లాడాడు. తోడుగా నేను వెళ్ళాను.

మౌంటు రోడ్డు అవతల అద్దాల మేడ. లోపల మార్చురీ అంత చలి. బయట మండుటెండ, లోపల నల్లకోట్లు వేసుకుని వణుకుతున్న పిల్లలు వరసగా. ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటున్నారు, పక్కవాళ్ళు బాగా జవాబు చెప్పేస్తారేమో అన్న భయం మొహాల్లో. కౌంటరు దగ్గరి అమ్మాయి వదినను చూసి, అపాయింట్‌మెంట్ ఉందా అని తమిళంలో అడిగింది. ట్రైనీ పని గురించి వచ్చానని వదిన చెప్పింది. ఆ అమ్మాయి ఎనభై దాటిన మనిషికి గోడ మీద అతికించిన గళ్ళబొమ్మ చూపించి, ఫోనుతో స్కాన్ చేయమంది.

ఈలోగా ఆ దుకాణదారు కొడుకే లిఫ్టులోంచి దిగాడు. వదినను చూసి పరుగులాంటి నడకతో వచ్చాడు. కాళ్ళకు దండం పెట్టాడు కూడా. కాఫీ తెప్పించాడు. అది మిషను కాఫీ. వదిన కాగితం కప్పు మీద అచ్చువేసింది చదివి, కప్పు కింద పెట్టేసింది.

విషయం విని అతను పెద్దగా నవ్వాడు. "ఇంతేనా మేడమ్. పిల్ల పేరు చెప్పండి, సోమవారం నుంచి వచ్చెయ్యమనండి."

"పేరు చెప్పను" అంది వదిన. "పంపినోళ్ళవన్నీ తీసి చదువు. మా పిల్ల పనికొచ్చేదైతే నీకే తెలుస్తాది."

"ఇప్పుడు ఎవరూ అన్నీ చదవరు మేడమ్. సిస్టమే ఏరి పెడుతుంది."

"చదవకుండా వద్దనేది తప్పు నాయనా. చదవకుండా రమ్మనేది ఇంకా తప్పు."

పెద్దవాళ్ళ చాదస్తానికి నవ్వే నవ్వు ఒకటుంటుంది చూడండి, అది నవ్వి, చదువుతానని మాటిచ్చి, ఎవరో పిలుస్తున్నారని వెళ్ళిపోయాడు. కూర్చున్న పిల్లలు తలలెత్తి వదినను చూశారు. తిరుగు దారిలో ఆమె కిటికీలోంచి షాపుల బోర్డులు చదువుకుంటూ కూర్చుంది.

కొన్నాళ్ళకు మెయిలు వచ్చింది. 'మీ దరఖాస్తును నిశితంగా పరిశీలించిన మీదట' అని మొదలై, విచారంతో ముగిసింది. యంత్రానికి విచారం కూడానా అని నాకు ఒళ్ళు మండింది. అదే వారం మా వాళ్ళ పెళ్ళిలో, మాలాగే టోకు వ్యాపారం చేసే ఒకాయన పాయసం జుర్రుకుంటూ, ఆ ఆఫీసులో తన కూతురికి చోటు దొరికిందనీ, ఒక్క ఫోనుతో పని జరిగిందనీ పంక్తి అంతటికీ వినిపించేలా చెప్పాడు. ఆయన కంపెనీ కాగితాలన్నీ ఆ ఆఫీసువాళ్ళే చూస్తారట. నేను విస్తరి మడిచి లేచాను.

ఇంటికి రాగానే పిల్ల వదిన గదిలోకి వెళ్ళి నిలదీసింది. "నా పేరు చెప్పుంటే నీ సొమ్మేం పోయేది లాయరవ్వా? నేను నీ మనవరాలినని చెప్పుకునేదానికి నీకు సిగ్గా?"

వదిన చేతిలోని కాగితం పక్కన పెట్టింది. తరువాత, "నా పేరు ముందు పోతే దాని ఎనక నువ్వు కనపడవే" అంది. "నువ్వు కనపడాల."

పిల్లకు ఆ జవాబు చాల్లేదు. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకూ చాల్లేదు. చాలా రోజులు వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. వదిన ఆసుపత్రిలో చేరినప్పుడు మాత్రం పిల్ల సంచి సర్దుకుని వెళ్ళి మంచం పక్కనే ఉండిపోయింది. ఆపరేషను అయ్యాక కళ్ళు కనపడక వదిన చదువుకోలేని రోజుల్లో పేపరు పైనుంచి కింది దాకా చదివి వినిపించిందట, సంతాప ప్రకటనలతో సహా.

వదిన పోయాక, పదో రోజుకు ముందు, ఆ పూలచక్రం పంపినతను పలకరింపుకు వచ్చాడు. వెంట ఆఫీసు ఆవిడ ఒకామె. వదిన గదిలోనే కూర్చోబెట్టాం. అతను చెడ్డవాడని నేననను, కళ్ళు నిజంగానే తడిశాయి. మంచివాళ్ళు ఇలా తయారవడం చూస్తేనే నాకు ఎక్కువ రోత. మా అబ్బాయి మాటల్లో, ఆనాడు వదిన పేరు చెప్పని పిల్ల ఎవరో చెప్పేశాడు. అతను ఉలిక్కిపడి, తలుపు దగ్గర నిలబడ్డ పిల్లను చూశాడు.

"మేడమ్ కోసం ఇదైనా చెయ్యనివ్వండి" అన్నాడు. "పాప సోమవారం నుంచి రావచ్చు. ఏ కాగితమూ అక్కర్లేదు."

మా అబ్బాయి చేతులు జోడించేశాడు. పిల్ల కదల్లేదు.

"కాగితం పంపినాను సార్" అంది. "చదివి చెప్పండి. వద్దనిపిస్తే వద్దనే చెప్పండి."

అతను పిల్ల వైపు చూశాడు, పక్కనున్నావిడ వైపు చూశాడు. గోడ మీది వదిన ఫోటో వైపు మాత్రం చూడలేదు. పక్కనున్నావిడకు సైగ చేస్తే, ఆమె ఫోనులో వెతికి వెతికి చివరికి పట్టుకుంది. అతను కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఒక మనిషి చచ్చిపోతే గానీ రెండు పేజీలు విప్పని ఆఫీసును నేను నా కళ్ళతో చూశాను, ఎక్కడైనా సాక్ష్యం చెబుతాను.

మొదటి పేజీ అతని బొటనవేలు గబగబా పైకి తోసేసింది. రెండో దాని దగ్గర ఆగింది. అక్కడ పిల్ల ఎన్నూరు జాలరిపేట గురించి రాసింది. జాలరుల కేసు కోసం వదిన తనను ఒంటరిగా పంపితే, ఆ రోజంతా ఇళ్ళ ముందు తిరిగి, ఒక్క వాంగ్మూలమూ లేకుండా ఖాళీ చేతులతో తిరిగొచ్చానని. అతను అక్కడిదాకా వచ్చి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాడు. తలెత్తాడు.

"ఒక్కరూ నోరు విప్పలేదని రాశావు. రెండో రోజు ఏం చేశావు?"

పిల్ల మూలనున్న కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"రెండో రోజు నేనేమీ అడగలేదు సార్" అని మొదలుపెట్టింది.

మా అబ్బాయి ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాను. అతను ఫోను పక్కన పెట్టి ముందుకు వంగాడు. నేను తెచ్చిపెట్టిన కాఫీ మీద మీగడ కట్టుకుంటోంది, వాళ్ళిద్దరిలో ఎవరూ దానివైపు చూడలేదు.