బార మీద మూర

కట్టయ్య కేసముద్రం చుట్టుపక్కల ఊళ్ళలో చెట్లు కొట్టించే మనిషి. గొడ్డలి మానేసి చాలా కాలమైంది. రంపం మిషను పట్టేవాళ్ళు వేరే వస్తారు. చెట్టు ఏ వైపు పడాలో, పడ్డాక మొద్దును ఎక్కడ తెంపాలో చెప్పడం అతని పని. అతను గీత గీస్తాడు. ఆ గీత మీద రంపం దిగుతుంది.

టేకు మొద్దు మీద గీయడానికి అతనికి టేపు అక్కర లేదు. మొద్దు చివర వేళ్ళు ఆనించి రెండు చేతులూ బార్లా చాపుతాడు. అది బార. దాని మీద మోచేతి నుంచి వేలికొస దాకా ఒక మూర. అక్కడ బొగ్గు గీత. బార మీద మూర అంటే దర్వాజ పొడవు. అలా తెంపిన టేకు వరంగల్‌లో ఎన్నో ఇళ్ళ ముందు దర్వాజలై నిలబడింది. ఆ కొలత సరేనా అని ఎవరూ అడగలేదు. అడగకపోవడమే అతనికి పేరు.

చిలుకమ్మ కూడా అడగలేదు. ఆమె బోరు మోటారు కాలిపోయింది. యాసంగి నాట్లు దగ్గర పడ్డాయి. పొలం గట్టున, కరెంటు తీగల పక్కన, మామ నాటిన టేకు చెట్లున్నాయి. అవి అమ్మి కొత్త మోటారు కొనాలనుకుంది. కొట్టడానికి అటవీ శాఖ ఒప్పుకుంది. కట్టయ్య వచ్చి గీతలు గీశాడు. దుంగలు ట్రాక్టరెక్కి వరంగల్ సామిల్లుకు చేరాయి. వాటి వెంట ఇద్దరూ వచ్చారు.

దుంగకు ధర కట్టే పద్ధతి అక్కడ పాతదే. బెరడు చెక్కి, నడుమ చుట్టూ టేపు వేస్తారు. మొదలు దగ్గర వేస్తే కొనేవాడికి నష్టం, కొసన వేస్తే అమ్మేవాడికి నష్టం. ఆ చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే హెచ్చించి, పొడవుతో మళ్ళీ హెచ్చిస్తే ఘనపుటడుగులు వస్తాయి. కాని అడుగు ధర అన్ని దుంగలకూ ఒకటి కాదు. తెగిన ముఖంలో చేవ ఎంత, తెల్లచెక్క ఎంత అని చూస్తారు. వంకర చూస్తారు. ఆఖరికి పొడవు చూస్తారు. ఏడడుగులుంటే దర్వాజ ధర. లేకుంటే కిటికీ ధర. ఆ రెండింటికీ మధ్య చిలుకమ్మ మోటారు ఉంది.

సామిల్లు యజమాని ఉపేందర్ తెగిన ముఖాల మీద నీళ్ళు చల్లి చూశాడు. చేవ బాగుందన్నాడు. పొడవు కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. ఏడడుగులకు రెండంగుళాలు తక్కువ. రెండో దుంగా అంతే. అన్నీ అంతే.

కిటికీ ధరే వస్తుందని చెప్పాడు.

టేపు కొస అరిగిందన్నాడు కట్టయ్య. ఉపేందర్ కొత్త టేపు తెప్పించాడు. అదీ అదే చెప్పింది. కట్టయ్య చిలుకమ్మను పక్కకు పిలిచాడు. ఇతని తండ్రి ఇట్లాంటివాడు కాదని, కాజీపేట దిక్కున ఇంకో సామిల్లు ఉందని, దుంగలు మళ్ళీ ఎత్తిద్దామని చెప్పాడు. ఆమె నమ్మింది. మళ్ళీ కిరాయి, మళ్ళీ హమాలీ. అయినా ట్రాక్టరు డ్రైవరుతో మాట్లాడడానికి గేటు దగ్గరికి పోయింది.

ఉపేందర్ కోపం తెచ్చుకోలేదు.

"టేపు దొంగదైతే నీ బారనే వెయ్యి కట్టన్నా. నేను ముట్ట."

కట్టయ్య దుంగ మీదికి వంగాడు. బార వేశాడు. మూర వేశాడు. సరిగ్గా కొసకు వచ్చింది.

"చూసినవా సేటూ."

దుంగలు దొర్లించే హమాలీ శాంసన్ పక్కనే నిలబడి ఉన్నాడు.

"తాతా, ఎడమ చెయ్యి చాపు."

"చాపిన గదరా."

"చాపలే. మోచెయ్యి వంగే ఉన్నది."

కట్టయ్య చెయ్యి చాపుకొని చూసుకున్నాడు. రెండేళ్ళ కింద ఒక తుమ్మ కొమ్మ ఆ భుజం మీద, మోచేతి మీద పడింది. కట్టు విప్పాక కొన్నాళ్ళకు నొప్పి పోయింది. నొప్పి పోతే చెయ్యి వచ్చినట్టే అనుకున్నాడు. అప్పటి నుంచి కొట్టించినవన్నీ వేప, తుమ్మ. అవి తూకానికి పోతాయి. పొడవు ఎవరికీ పట్టదు. దెబ్బ తగిలాక టేకు ఇదే మొదలు.

ఉపేందర్ అతని చేతుల మీదుగా టేపు పట్టాడు. అంకె చదివి టేపు చుట్టబోయాడు.

"చెప్పు," అన్నాడు కట్టయ్య.

అయిదడుగుల నాలుగంగుళాలు. పడుచుతనంలో ఇదే సామిల్లులో ఉపేందర్ తండ్రి సరదాకు కొలిస్తే అయిదడుగుల ఎనిమిది వచ్చింది. దాని మీద అడుగున్నర మూర కలిస్తే ఏడడుగులు దాటేది.

ఉపేందర్ గొంతు తగ్గించి ఒక మాట అన్నాడు. దర్వాజ ధర తాను ఇవ్వలేడు. కాని దుంగల్లో లోపల పగుళ్ళున్నాయని, అందుకే ధర తగ్గిందని చిలుకమ్మకు చెప్పగలడు. కట్టయ్య పేరు కట్టయ్యకు ఉంటుంది.

కట్టయ్య దుంగ మీద చెయ్యి పెట్టాడు.

"చెట్టు మీదికి తొయ్యకు సేటూ. అది మంచిగనే ఉన్నది."

గేటు దగ్గర చిలుకమ్మ కిరాయి బేరం ఆడుతోంది. కట్టయ్య అక్కడికి పోయాడు.

"ఎత్తిచ్చుడు వద్దు చెల్లె. టేపు మంచిదే. నా చెయ్యే పొట్టిగైంది."

ఆమె అర్థం కానట్టు చూసింది. అతను చెయ్యి చాపి చూపించాడు. ఆమె ఆ చెయ్యిని, తర్వాత దుంగలను చూసింది. డ్రైవరును పొమ్మంది.

"కొమ్మ పడ్డనాడు అడిగితే ఏం గాలే అన్నవ్."

"అన్న."

"మొగోళ్ళు ఏం గాలే అన్నప్పుడే దవాఖానకు గుంజుకపోవాలె."

దుంగలు కిటికీ ధరకు పోయాయి. ఆ డబ్బు కొత్త మోటారుకు చాలదు. పాతదానికే వైండింగ్ చేయిస్తానంది చిలుకమ్మ. కట్టయ్య కూలి వద్దన్నాడు. ఆమె వినలేదు.

"గీత తప్పినవ్ గని, చెట్టును కరెంటు తీగల మీద పడెయ్యలే గద. దానికి తీస్కో."

తీసుకున్నాడు. తీసుకోవడమే కష్టమైంది.

వైండింగ్ షాపు దాకా తోడు వెళ్ళాడు. తిరిగి చుట్టిన మోటారు యాసంగి దాటిస్తుందా అని ఆమె దారిలో అడిగింది. అతనికి తెలియదు. తెలియదనే చెప్పాడు.